కాదనకూడదు

"మీరు లోపలికి దయచేయండి సార్! నువ్వేంటి చూస్తున్నావ్? ఆ నిచ్చెనెక్కు!"

గుమ్మంలో నిలబడ్డ ఇద్దరూ ఏదో అనబోయారు. ఆ ఫ్యాన్ల కంపెనీలో యజమాని మాటకి ఎదురుచెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఇస్త్రీ చొక్కా ఆయన బరువైన బ్యాగు మోసుకుంటూ హాల్లోకి నడిచాడు. చిరుగుల జీన్స్ అతను చచ్చిన ఏసీ కింద నిచ్చెన వేసుకున్నాడు. ఫ్యాన్లు అమ్ముకోవడానికే గానీ తిప్పుకోవడానికి కాదని యజమాని సిద్ధాంతం. అందుకే అందరికీ చెమటలు.

"అన్నా, స్క్రూడ్రైవర్ ఉందా?" జీన్స్ అతను స్టోర్‌కీపర్‌ని అడిగాడు.

"ఉత్తచేతుల్తో పెళ్ళికొచ్చినట్టు వచ్చావే!" విసుక్కుంటూనే తెచ్చిచ్చాడు స్టోర్‌కీపర్. అతని గొడవ అతనిది. సాయంత్రం సూపర్‌వైజర్ పోస్టుకి ఇంటర్వ్యూ. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ యజమాని ముందు నాలుక పిడచగట్టుకుపోయింది. "ఈసారీ మూగనోము పట్టావో, వంట నువ్వే చేసుకో" అని తేల్చేసింది భార్య.

యజమాని అందర్నీ కూర్చోబెట్టాడు. "ముందే రాసుకోకుండా, అప్పటికప్పుడు నాటకాలాడించి, ఉద్యోగంలో మిమ్మల్ని పైకి తెస్తారీ ట్రైనర్‌గారు. నేర్చుకుని చావండి!"

ఇస్త్రీ చొక్కా ఆయన నుదురు తుడుచుకున్నాడు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో నాకు తెలిసింది ఒక్కటే. ఎదుటివాళ్ళు ఏమన్నా కాదనకూడదు. ఔనని, పైన ఇంకో మాట కలపాలి. నువ్వు లే బాబూ. నేను మీ యజమానిని అనుకో. ఏమయ్యా, నువ్వు ఒట్టి మొద్దువట?"

స్టోర్‌కీపర్ లేచి నిలబడ్డాడు. "ఔ... ఔనండి. మొద్దుని కాబట్టే పదేళ్ళుగా స్టోరు వదిలి కదల్లేదు. ఒక్క బోల్టు కూడా పోలేదు."

హాలంతా చప్పట్లు.

"ఎడమకి తిప్పు నాయనా, ఎడమకి!" మధ్యలో నిచ్చెన వైపు కేకేశాడాయన. ఆయన కన్ను పడని చోటు లేదని అందరూ మురిసిపోయారు.

సాయంత్రం యజమాని సరిగ్గా అదే అన్నాడు. స్టోర్‌కీపర్ సరిగ్గా అదే చెప్పాడు. యజమాని పగలబడి నవ్వి, పోస్టు ఇచ్చేశాడు!

స్టోర్‌కీపర్‌కి ఏడుపొక్కటే తక్కువ. పరిగెత్తుకెళ్ళి, కాయలు కాచిన ఆ గురువుగారి చేతులు పట్టుకుని వదల్లేదు.

వెనకే వచ్చిన యజమాని, ఇంకా కదలని ఏసీని చూసి నిచ్చెన మీదున్న అతనిపై విరుచుకుపడ్డాడు. "పొద్దుట్నుంచీ దేవులాడుతున్నావ్! అసలు నువ్వు మెకానిక్‌వేనా?"

జీన్స్ అతను నెమ్మదిగా కిందికి దిగి, చేతులు తుడుచుకున్నాడు.

"కాదండీ, ట్రైనర్‌ని."