ఉప్పునీటిలో ఇనుపరేకు

1997లో ఒక రాత్రి, విశాఖ రేవు పక్కనున్న ప్రయోగశాలలో మధులత తుప్పు మీద పరిశోధన చేస్తోంది. మునిగిపోయిన మరపడవ నుంచి కోసిన ఇనుపరేకును ఉప్పునీటిలో ఉంచి, వోల్టేజీని కదలకుండా నిలిపి, కరెంటు కొలుస్తోంది. మీటరు ముల్లు మెల్లగా లేచి, పడి, మళ్ళీ లేస్తోంది, నిద్రపోతున్న మనిషి ఛాతీలా.

అటెండరు దొరబాబు దగ్గరకొచ్చి చూశాడు. అతని అన్న పోయింది ఆ పడవలోనే.

"ఊపిరి తీత్తన్నాడమ్మా," అన్నాడు.

"వైరు వదులైంది దొరబాబూ," అంటూ ఆమె ప్లగ్గు పీకేసింది. యంత్రం మీది దీపాలు ఆరిపోయాయి. ముల్లు ఆగలేదు. గిలగిలా కొట్టుకుంది.

"పెట్టీయండమ్మా! అన్నకి ఊపిరాడ్డం నేదు!"

ఆమె గబుక్కున ప్లగ్గు మళ్ళీ పెట్టింది. ముల్లు నిదానించింది.

తెల్లారింది. ప్రయోగం ముగిసింది. యంత్రం ఆపడానికి మాత్రం ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.