శుక్రవారం డ్యూటీ

"కోచ్ అనేవానికి కండ్లుండల్ల," అన్నాడు పెంచలయ్య, కువైట్‌లోని సులైబియా ఇసుక గ్రౌండు గీత పక్కన నిలబడి. "కాలేజీ హాకీ కెప్టెన్, ఏ టీమ్‌లోనూ లేనోడు దొరికినాడని పట్టుబట్టి తెచ్చుకొంటిమి. తెచ్చి కుర్చీలో కూచోబెడతారా?"

ఆట సగం అయిపోయింది. తమ టీమ్ రెండు గోల్స్ వెనకబడింది. కొత్తగా చేరిన హరినాథ్ కాస్త దూరంలో, స్టిక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సైమన్ సార్‌ను అనొద్దుబ్బా," అన్నాడు పక్కనున్న నాగేశ్వర. "ఆ పిల్లోని అరచేతులు చూసినావా? తోలు లేచిపోయింది. స్టిక్ ఎట్ల పట్టుకుంటాడు?"

"ఏమైంది?"

"తెల్లారుజాము నుంచి మీ కంపెనీ సబ్హాన్ గోడౌన్‌లో కంటైనర్ దించినాడంట. శుక్రవారం వానికి సెలవు, వాని డ్యూటీ గాదు. ఎవడో మోకాలు నొప్పని ఎగ్గొట్టినాడు. కొత్తోడైతే కాదనలేడని ఫోర్‌మన్ ఈన్ని తోసినాడు."

పెంచలయ్య గీత దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. నిన్న ఫోర్‌మన్ ముందు కుంటుకుంటూ నడిచింది తనే. డ్యూటీ తప్పించుకుని హరినాథ్ ఆట చూడాలనే అలా నడిచాడు. తన బదులు ఎవరిని వేస్తారని అడగనైనా లేదు.

"ఆ మోకాలోడు దొరకనీ," అన్నాడు నాగేశ్వర, "నిజంగానే ఇరగ్గొడతా."

అంతలో హరినాథ్ తన కుర్చీ తెచ్చి పెంచలయ్య వెనక వేశాడు.

"కూచో అన్నా. మోకాలు నొప్పంట కదా, ఫోర్‌మన్ చెప్పినాడు. ఇంతసేపు నిలబడితే ఎట్ల?"

పెంచలయ్య మెల్లగా, నిజంగానే నొప్పి ఉన్నవాడిలా కూర్చున్నాడు. నాగేశ్వర ఆ మోకాలి వైపు ఒకసారి చూసి, ఆట వైపు తల తిప్పుకున్నాడు.