ట్యాగు లేని కోడె

కంచె బయట నిలబడిన కోడెను చూడగానే మందక్క గుండె గుభేలుమంది.

ఒళ్ళంతా బురద. లోపలికి పోయిన డొక్కలు. కొమ్ములు తన ఆవులకున్నట్టు నిటారుగా లేవు, వెనక్కి వాలి ఉన్నాయి. అన్నిటికీ మించి, చెవికి ట్యాగు లేదు.

పగ్గం పట్టుకున్న ముసలాయన మాత్రం చుట్టాలింటికి వచ్చినట్టు నవ్వాడు.

"అమ్మా, దీన్ని నీ మందలో కలుపుకుంటావా?"

"కలుపుకోవడమా! ఇవాళేం రోజో తెలుసా నీకు?"

మందక్క ఆవులది అరుదైన జాతి. అది మందగా మిగిలింది ఆమె దగ్గరే. ఈ రోజు పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, ఇది నిలిచే మంద అని సంతకం పెడితే సర్కారు ఇచ్చిన పచ్చిక బీడు మందక్కకే ఉంటుంది. పెట్టకపోతే ఆవులు తలో దిక్కూ అమ్ముడుపోతాయి. భర్త పోయిన ఇంట్లో ఆమెను పొద్దున్నే లేపేది ఆ ఆవుల అరుపులే.

అందుకే తెల్లవారకముందే లేచి, ఒక్కోదాని ఒళ్ళూ తోమి, కొమ్ములకు నూనె రాసి నిలబెట్టింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

మరిది గడ్డిమోపు కింద పడేసి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, పెళ్ళిపందిట్లోకి పీనుగును తెచ్చినట్టు, ఇవాళే దొరికిందా నీకు?"

ముసలాయన నొచ్చుకోలేదు. "నాకు ఒంట్లో బాగోలేదు బాబూ. నా తర్వాత దీన్ని చూసేవాళ్ళు లేరు. ఊరికే ఇస్తాను."

"ఊరికే వచ్చేది ఊరికే ఉండదులే" అంది మందక్క. "ఎక్కడిది ఇది?"

"నేనే పెంచాను."

"పెంచావు సరే. ఏ మందలో పుట్టింది? తల్లి ఏది?"

ముసలాయన పగ్గాన్ని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"చెబితే దీన్ని బతకనివ్వరమ్మా."

"దొంగసొత్తు వదినా" అన్నాడు మరిది. "లేదా రోగం ఉండుంటుంది."

"రోగం లేదు. నా మాట నమ్ము తల్లీ."

"నీ మాటకు ట్యాగు ఉందా?"

ఇంతలో మందలోంచి ఒక పెయ్య కంచె మీదుగా మెడ చాచి కోడె మొహం మీది బురదను నాకసాగింది. కోడె కళ్ళు మూసుకుంది. ముసలాయన పగ్గం వదులు చేశాడు.

మందక్క కర్రతో పెయ్యను అదిలించింది.

"మరిదీ, కాపలావాణ్ణి పిలు!"

పోయినసారి పశువులకు రోగం వచ్చినప్పటి నుంచీ ఒక నియమం ఉంది. పరీక్ష రోజున ట్యాగు లేని పశువు మంద దగ్గరికి వస్తే, దాన్ని తిరిగి పోనివ్వరు. పశువుల శాఖ కాపలావాడు ఒక్క సూదితో చంపేస్తాడు. ఆ సంగతి మందక్కకు బాగా తెలుసు. తెలిసే పిలిపించింది.

"వెళ్ళిపోతాను బాబూ, మళ్ళీ రాను" అన్నాడు ముసలాయన.

"ఇప్పుడు కుదరదు పెద్దాయనా" అన్నాడు కాపలావాడు. అయినా పగ్గం లాక్కోలేదు. తొట్టిలోంచి బకెట్టు నీళ్ళు ముంచి తెచ్చి, కోడె తాగేదాకా ఆగాడు. తర్వాత ఇద్దరూ కోడెతో షెడ్డు వెనక్కి నడిచారు.

మందక్క అటు చూడలేదు.

డాక్టరమ్మ వచ్చింది. ఆవుల మధ్య తిరిగింది, వెన్నులు నిమిరింది, దూడల కాళ్ళు పట్టి చూసింది.

"ఎంత అందమైన మంద!" అంది.

మందక్క కళ్ళు చెమ్మగిల్లాయి.

"అదే నా బాధ" అంది డాక్టరమ్మ. "నిజం చెప్పక్కా, పుట్టిన దూడలన్నీ దక్కుతున్నాయా?"

మందక్క తల దించుకుంది. "కొన్ని లేచి నిలబడకుండానే పోతున్నాయమ్మా."

"పోవా మరి! అన్నీ ఒక్క ఆంబోతు సంతానమే. అన్నాచెల్లెళ్ళకు కాపురం పెట్టినట్టుంది. వేరే రక్తం కలవకపోతే ఇది నిలిచే మంద కాదు. సంతకం ఎలా పెట్టను?"

"వేరే రక్తం ఎక్కడుందో చెప్పండి, కాళ్ళు పట్టుకునైనా తెస్తాను."

"కొండ మందలో ఉండేది. ఇదే జాతి, కొమ్ములు మాత్రం వెనక్కి వాలి ఉంటాయి. రోగం వచ్చినప్పుడు మందనంతా చంపి పూడ్చేశారు. ఒక్క కోడె మిగిలున్నా ఇప్పుడే సంతకం పెట్టేదాన్ని."

మందక్క పరుగెత్తింది. చెప్పు ఊడిపోయినా ఆగలేదు.

షెడ్డు వెనక కోడె పడుకుని ఉంది. దాని తల ముసలాయన ఒళ్ళో ఉంది. కాపలావాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని, దూరంగా నిలబడ్డాడు.

"అయిపోయిందక్కా" అన్నాడు.

వెనకే వచ్చిన డాక్టరమ్మ ఆ కొమ్ములు చూసింది. నేల మీద కూలబడింది.

మందక్క ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎక్కడిది అయ్యా ఇది? కొండ మందలో ఒక్కటీ మిగల్లేదన్నారే..."

ముసలాయన కోడె చెవి మీద ఈగను తోలాడు.

"ఆ మంద మీద మన్ను పోసింది నేనేనమ్మా. ఈ ఒక్క దూడ గోతిలోంచి కళ్ళు తెరిచి నన్నే చూస్తుంటే, పార పడేసి, చొక్కాలో చుట్టుకుని పారిపోయాను."