పది నుంచి నాలుగు

"మా కడుపు కొట్టింది మీరే!" కలుపు తీసే అక్క బురదకాళ్లతోనే, తిండిగింజలు ఉచితంగా పంచే కేంద్రంలోకి దూసుకొచ్చింది.

కేంద్రం చూసుకునే మాస్టారు సంచులు లారీకెక్కిస్తూ ఆగిపోయాడు.

"నేనా? దర్జీ దగ్గరా పాలవాడి దగ్గరా పిడికెడు పిడికెడు పోగుచేసి నింపానమ్మా ఇవి. మూడు వారాలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నా. ఒక్కరూ రాలేదు. ఈ ఊళ్లో ఆకలి లేదని పైవాళ్లకి రాసిచ్చేశా. సంచులు పట్నం పోతున్నాయి."

"ఆకలి లేదా! రాత్రి నా చిన్నది మంచినీళ్లు తాగి పడుకుంది."

"మరి రావచ్చుగా? తలుపులు బార్లా తీసే ఉంచానే!"

"ఎప్పుడు?"

మాస్టారు తాను స్వయంగా రాసిన బోర్డు చూపించాడు. పది నుంచి నాలుగు.

"ఆ వేళకి చేలో ఉంటాం మాస్టారూ. పొద్దుగూకేదాకా మేస్త్రి నడుమెత్తనివ్వడు. ఒక పూట మానితే మర్నాడు పనే ఉండదు."

"మరి ఇవాళ ఎలా వచ్చావు?"

"కళ్లు తిరిగి చేలో పడ్డా. పనికిరావు, పొమ్మన్నాడు. అలా దొరికింది తీరిక."

మాస్టారు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఊరి దయంతా సంచుల్లోకెత్తి, తీరికున్నవాళ్ల వేళకి తలుపు తీశాడు తను.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

"కళ్లనీళ్లు పెట్టుకోకండి, వాటితో నా పిల్ల కడుపు నిండదు." అక్క చెయ్యి చాపింది. "సంచులు దింపించండి. ఆకలి లేదన్న ఆ కాగితం వెనక్కి తెప్పించండి. తాళంచెవి ఇటివ్వండి. ఇవాళ్టి నుంచి పొద్దుగూకాకే తెరవాలి. తెరిచేది మేమే!"