మెత్తటి పొడి

స్నిగ్ధ గరిటెతో కాఫీ ఫిల్టరు నెత్తిన కొడుతోంది. డికాక్షన్ చుక్క దిగలేదు. హాల్లో పెళ్ళిచూపులవాళ్ళు బెజవాడ బస్సు వెళ్ళిపోతుందని గొణుక్కుంటున్నారు.

"పొడి ఏం చేశావే?" అంది నాయనమ్మ మాణిక్యమ్మ.

"మెత్తగా ఉంటే సారం బాగా దిగుతుందని మిక్సీలో ఇంకోసారి తిప్పాను."

"రాగి గనిలో నీ ఉద్యోగం కూడా ఇదేగా?"

"ఇదే. రాళ్ళగుట్ట మీద యాసిడ్ పోసి రాగిని కిందికి దింపడం. రాయిని పిండి చెయ్యకండి, సందులు పూడిపోయి యాసిడ్ పైనే నిలబడిపోతుందని అందరికీ చెప్పేది నేనే."

ఫిల్టరు పట్టుకునే హాల్లోకి వెళ్ళి, అదే మాట చెప్పేసింది స్నిగ్ధ. పెళ్ళికొడుకు నవదీప్ నవ్వాడు. వాళ్ళమ్మ నవ్వలేదు.

"అయితే వంట రాదా? పప్పుచారులో బెల్లం వేస్తావా? కళ్ళజోడు ఎప్పట్నుంచి? జుట్టు ముందునుంచీ ఇంతేనా? నైట్ డ్యూటీలుంటాయా? ఉంటే టిఫిన్ ఎవరు చేస్తారు?"

స్నిగ్ధకి నోరు పెగల్లేదు.

నవదీప్ ఫిల్టరు వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

"అమ్మా, కొంచెం బరకగా అడుగు."

ఆవిడ ఆ ప్రశ్నలన్నీ వదిలేసి ఒక్కటే అడిగింది.

"మావాడు నచ్చాడా?"

"నచ్చారండి."

ఈసారి జవాబు వెంటనే దిగింది.