పటంలో లేని సంగతులు

"ఎర్ర గీతల జోలికి పోవద్దండీ," అంది టీచరమ్మ, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీస్తూ. "అవి లారీలు పోయే దారులు. మనవి ఈ సన్నటి తెల్ల గీతలు."

భర్త సైకిలు షాపులో రిపేరు బల్ల మీద పటం పరిచి ఉంది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా పానాలు పెట్టింది. పటంలో నాలుగు దేశాలు, వాటిని కోసుకుంటూ పోయే ఒక నది, దాని ఒడ్డునే మొగుడూ పెళ్ళాం తొక్కాల్సిన దారి.

పెళ్ళైన కొత్తలో పుట్టిన కోరిక అది. ఆయనకు షాపు, ఆమెకు బడి. రేపూ మాపూ అంటూనే తలలు నెరిశాయి. ఇప్పుడు ఆమె బడి మానేసింది. ఆయన షాపు కూడా సగం రోజులు మూసే ఉంటోంది. ఇంకా వాయిదా వేస్తే మోకాళ్ళు ఒప్పుకోవని ఆమె బెంగ. ఈసారి వెళ్ళి తీరాల్సిందే.

పటాల విషయంలో ఆమె మాటకు తిరుగు లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు పటం చదవడం నేర్పింది. ఆయనకు సైకిలు విప్పి బిగించడం వచ్చు గానీ, పటం తలకిందులుగా పెట్టినా తేడా తెలియదు. పక్క వీధికి పోవాలన్నా ఇద్దరిని అడిగే రకం.

"ఈ పటం కూడా ఎవరో వాడేసిందే మీకు అంటగట్టారు," అంది, దాని మీద ఎప్పుడో గీసి చెరిపేసిన పెన్సిలు గీతలను వేలితో తడుముతూ. "మిమ్మల్ని చూస్తే అందరికీ అలుసే."

ఆయన నవ్వి ఊరుకున్నాడు.

టీచరమ్మ గీత గీసుకుంటూ పోయింది. మొదటి సరిహద్దు దాటించింది. కొండను చుట్టి వచ్చింది. నది మలుపులో చిన్న ఊరు కనబడితే దాని చుట్టూ సున్నా చుట్టింది.

"ఇక్కడ ఆగి నీళ్ళు నింపుకుందాం."

"అక్కడొద్దు. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి," అన్నాడాయన, చైనుకు నూనె వేస్తూ. "ముందు ఊళ్ళోనే నింపుకోవాలి. తర్వాత చెక్క వంతెన వస్తుంది. అక్కడ దిగి నడిపించుకోవాలి, వానకి జారుతుంది."

పెన్సిలు ఆగింది.

"పటంలో నీళ్ళ రుచి ఎక్కడ వేశారండీ?"

ఆయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాడు. టీచరమ్మ పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్ళను పట్టుకోవడంలో పండిపోయిన మనిషి. ఇక వదులుతుందా?

"మీరు అక్కడికి వెళ్ళొచ్చారు."

"లేదు, ఎవరో చెప్పారు." చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడితే ఆయనకు ఎప్పుడూ అంతే.

"ఎవరో చెబితే మొహం అలా పెట్టరు. ఆ ఉప్పు నీళ్ళు తాగిన మొహం అది. ఒక్కరే వెళ్ళారా?"

ఒక్కడినేనని అంటే చాలు, నమ్మేద్దామనే అనుకుంది. ఆయన అనలేదు.

"ఆడమనిషితోనా?"

"అవును."

టీచరమ్మ పెన్సిలు పడేసింది. స్టూలు మీద కూలబడింది. ఎదురుగా గోడకు ఆనించి తన సైకిలు. యాత్ర కోసమని ఆయన సిద్ధం చేసి ఇచ్చిందే. కొత్తది కాదు. ఎవరో కూర్చుని కూర్చుని తోలు సీటు గుంటపడింది. ఎక్కిన మొదటి రోజే అది కొలత తీసినట్టు సరిపోతే ఎంత మురిసిపోయింది, పిచ్చిది!

"ఈ సైకిలు ఆవిడదేనా?"

"ఆవిడదే."

"ఇంకొకావిడ తొక్కేసిన సైకిలా నాకు?" అంది టీచరమ్మ. "చీరలడిగానా, నగలడిగానా? నేనడిగింది ఒక్కటే. అది కూడా ఇంకొకరికి తీర్చి వచ్చారా?"

ఆయన చేతులకున్న నూనె తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎలాంటిది?"

"మొండిది. ఎంత ఎత్తు వచ్చినా దిగేది కాదు. ఆఖరి సరిహద్దు దగ్గర రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది, దారి అప్పుడే అయిపోయిందా అని."

"ఇంకా ఇష్టమేనా?"

"ఇష్టమే." ఆయన కళ్ళు నిండాయి. "రోజూ గుర్తొస్తుంది."

ఆ ఏడుపు ఇంకో ఆడదాని కోసమా అని టీచరమ్మ గుండె ముక్కలైంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తన కోసం అలా ఏడవడం ఆమె చూడలేదు. రబ్బరు తీసుకుని, గీసిన గీతంతా పటం చిరిగేలా చెరిపేసింది. తర్వాత ఫోను దగ్గరకు నడిచింది. ఈమధ్య ఆమెకు గుర్తుండటం లేదని ఆయన గోడ మీద పెద్ద పెద్ద అంకెలతో రాసిపెట్టిన కూతురి నంబరు చూసి నొక్కింది.

"మీ నాన్న నా కొంప ముంచాడే! ఎవత్తినో వెంటేసుకుని నేను పోవాలనుకున్న దారంతా తిరిగొచ్చాడు! తనే ఒప్పుకున్నాడు!"

ఆయన పరుగున వచ్చి ఫోను మీదకు వంగాడు. "చెప్పకు తల్లీ. నన్నే తిట్టనీ. నువ్వు మాత్రం చెప్పకు."

"ఓహో, నీకూ తెలుసన్నమాట!" టీచరమ్మ ఆయనను తోసేసింది. "తండ్రీ కూతుళ్ళు కూడబలుక్కుని నన్ను వెర్రిదాన్ని చేశారు. నా మీద ఒట్టు, చెప్పవే. ఎవరది?"

అటువైపు నుంచి కూతురి ఏడుపు వినిపించింది.

"అమ్మా, నాన్నతో కలిసి ఆ నాలుగు దేశాలూ తొక్కి వచ్చింది నువ్వే."