గంట గుర్రం వెంట ఫిరంగి

నా పేరు వాల్బుర్గా నాయ్నర్. డెబ్బై రెండేళ్లు. మిట్టెన్‌వాల్డ్ ఊరికి పైన, కొండ మీదున్న మా ఇంట్లో నేనూ, ఒక ఆవూ ఉంటాం. నా గుర్రాన్ని యుద్ధం పేరు చెప్పి కొత్తగా పెట్టిన కొండపటాలం సైనికులు తోలుకుపోయారు. అక్షరం రాదు గనుక చెప్పి రాయిస్తున్నాను.

ఆ పటాలం ఫిరంగిని దొంగిలించానని నా మీద నేరం మోపారు.

వాళ్ళు ఫిరంగిని విడగొట్టి కంచరగాడిదల మీద కొండెక్కిస్తారు. గంట కట్టిన ఆడగుర్రం ముందు నడిస్తేనే గాడిదలు కదులుతాయి. ఆ గంట నా గుర్రానికే కట్టారు. నిన్న మా ఇంటి కింది దారిన పోతుంటే, "దా తల్లీ!" అన్నాను. అది వచ్చింది. దాని వెనకాలే ఫిరంగి కూడా ముక్కలు ముక్కలుగా నా కొట్టంలోకి వచ్చింది.

టోపీలో తెల్లపువ్వు పెట్టుకున్న కెప్టెన్ రుప్పెర్ట్ రొప్పుతూ వచ్చాడు.

"ముసలమ్మా, నిన్ను జైల్లో వేయిస్తా!"

"వేయించు నాయనా. ముందు నీ గాడిదల్ని తోలుకుపో. పేడ ఎత్తలేక చస్తున్నా."

తోలాడు. తిట్టాడు. పొద్దున్నుంచి బతిమాలుతున్నాడు. ఒకసారి వాళ్ళ వెంట పోయి మోసపోయిన గుర్రం, నేను ముందు నడిస్తే తప్ప గడప దాటదు.

సరే, ఫిరంగి కొండెక్కేదాకా నేనే నడుస్తాను. దిగాక గుర్రం నాది. దారంతా అందరికంటే వెనక, చేట పట్టుకుని పేడ ఎత్తుతూ కెప్టెన్ రావాలి.

వాల్బుర్గా పెట్టిన గుర్తు: × × ×

షరతులకు ఒప్పుకుని ఇది రాసినవాడు, సాక్షి: కెప్టెన్ రుప్పెర్ట్.